నజీరా తోమిన లైట్లు

"ఈ డొక్కుని సాయంత్రానికల్లా ఎత్తించేస్తాం. తర్వాత చెప్పలేదనొద్దు" అన్నాడు వార్డు ఆఫీసు నుంచి వచ్చిన రామకోటేశ్వరరావు, సందు మొదట్లో ఉన్న పాత తెల్లకారుని ఫైలుతో తట్టి.

"ఎత్తుతుంటే చూస్తూ ఊరుకుంటానా సార్?" అంది నజీరా. గుమ్మం దిగి వచ్చి కారుకీ ఆయనకీ మధ్య నిలబడింది.

పుష్కరాలు దగ్గర పడుతున్నాయి. బెజవాడంతా తిరిగి పాడుబడ్డ బండ్లు ఏరేస్తున్నారు. గుణదల కొండ కింద ఉన్న ఈ సందు వంతు ఆ రోజు వచ్చింది.

"వాడకంలో ఉన్నవాటి జోలికి మేం పోవట్లేదమ్మా. దీని వాలకం చూడు! ఆ హెడ్‌లైట్లు చూడు, పచ్చగా పొగచూరినట్టున్నాయి. గుడ్డి కన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. ఇది వాడుతున్నామంటే నమ్మాలా?"

"లైట్లు బాగుంటే వదిలేస్తారా?"

రామకోటేశ్వరరావుకి నవ్వొచ్చింది. "కొత్తవాటిలా వెలిగితే వదిలేస్తాలే."

"అయితే చీకటి పడ్డాక రండి."

"లారీతోనే వస్తా" అని ఆయన వెళ్ళిపోయాడు.

నజీరా భర్త కరిముల్లా వన్ టౌన్‌లో బ్యాటరీల కొట్లో పనిచేస్తాడు. గొడవంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. "గవర్నమెంటోళ్ళతో మనకెందుకు నజీరా? ఇచ్చేద్దాం. దీన్ని పట్టుకుని ఏం బావుకుంటాం?" అని గొణిగాడు.

"ఏం బావుకుంటున్నామో మీకు తెలీదా? పనికెళ్ళండి. సాయంత్రం కాస్త తొందరగా రండి చాలు."

కరిముల్లా చెప్పులేసుకుని బయల్దేరాడు. తన భార్య పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని పెళ్ళయిన కొత్తలోనే తెలుసుకున్నాడు.

నజీరా కొంగు బిగించింది. లైట్లని సబ్బునీళ్ళతో కడిగింది. పెయింటుకి గీతలు పడకుండా చుట్టూ టేపు అంటించింది. సన్న గరుకు ఎమెరీ కాగితాన్ని నీళ్ళలో ముంచి రుద్దడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ ప్లాస్టిక్ అద్దం బాగుపడకపోగా తెల్లగా పాలిపోయింది.

"అయ్యయ్యో, ఉన్న కాస్తా పోగొట్టావు కదే!" అంది ఎదురింటి తెరేసమ్మ.

నజీరాకి రామకోటేశ్వరరావు నవ్వు మొహం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. చెయ్యి మాత్రం ఆపలేదు. లోపలికెళ్ళి పళ్ళ పేస్టు ట్యూబు తెచ్చి, పాత మంగళగిరి చీర పీలికకి పట్టించి, గుండ్రంగా తిప్పుతూ తోమింది.

"ఇదేం చోద్యమే తల్లీ! కారుకి పళ్ళు తోముతున్నావా?"

"తోముతున్నానక్కా. సాయంత్రం ఆ సార్ ముందు ఇది ఇకిలించాలి."

తెరేసమ్మ పగలబడి నవ్వింది. అయినా నజీరా పేస్టు అయిపోయేసరికి, అడక్కుండానే తనింట్లోంచి సగం ట్యూబు తెచ్చి చేతిలో పెట్టింది. తనూ ఒక పీలిక పట్టుకుని రెండో లైటు ముందు చతికిలబడింది. ఎండ నెత్తికెక్కింది. ఇద్దరి చేతులూ పట్టేశాయి. మధ్యాహ్నం దాటాక నీళ్ళు పోసి తుడిస్తే, అద్దంలోంచి లోపలి బల్బు తేటగా కనిపించింది.

పొద్దుగూకింది. గొలుసులు మోగించుకుంటూ లారీ వచ్చి ఆగింది. రామకోటేశ్వరరావు దిగాడు. కరిముల్లా అప్పటికే వచ్చి గోడవారగా నిలబడి ఉన్నాడు. నజీరా కారులో కూర్చుని స్విచ్ నొక్కింది.

వెలుగు సందులోకి దూసుకుపోయింది. మూతల్లేని మురుగు కాలవ అంచు, చివర మలుపులో గుట్టగా పోసిన రాళ్ళు, అన్నీ స్పష్టంగా కనిపించాయి. కుట్టుమిషన్ల షెడ్డులో పని ముగించుకున్న ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ, కాలవ పక్కగా చకచకా నడిచి ఇళ్ళలోకి వెళ్ళిపోయారు.

"ఏం పెట్టి తోమావమ్మా?" రామకోటేశ్వరరావు నోరెళ్ళబెట్టాడు.

"పళ్ళ పేస్టండి."

"మాటంటే మాటే. వాడకంలో ఉందని రాసుకుంటా. ఏదీ, ఒకసారి స్టార్ట్ చేసి నాలుగడుగులు ముందుకు పోనియ్యి."

ఎదురింటి గుమ్మంలోంచి చూస్తున్న తెరేసమ్మ మొహంలో నవ్వు మాయమైంది. కరిముల్లా తల దించుకున్నాడు.

నజీరా దిగి వచ్చి బానెట్ ఎత్తింది. రామకోటేశ్వరరావు వంగి చూశాడు. లోపలంతా ఖాళీ. ఒక మూల బ్యాటరీ, దాన్నుంచి లైట్లకి పోయిన వైర్లు, అంతే.

"ఇంజినేదమ్మా?"

"ఎప్పుడో అమ్మేశామండి. బ్యాటరీ మాత్రం మా ఆయన రోజూ కొట్లో చార్జింగ్ పెట్టించి తెస్తారు."

"మరి కదలని కారు వాడుతున్నారని ఎట్లా రాయమంటావు?"

నజీరా వేలెత్తి, ఆయన నెత్తిమీదున్న కరెంటు స్తంభాన్ని చూపించింది. "దానికి మీరు బల్బు పెట్టించండి సార్, మర్నాడే ఈ కారుని మా సందు ఆడోళ్ళమంతా తోసుకొచ్చి మీ ఆఫీసు గుమ్మంలో పెడతాం."