ఎంతమందికి వండారు?

నిన్న మొదలైన పంచాయితీ, పొద్దున్నే జొన్నరొట్టెలు తినే వేళకు కూడా తెగలేదు.

“పంతులమ్మ కొలువైతే సరే. కచేరీ కొలువైతే వద్దంటే వద్దు,” అన్నాడు బుచ్చయ్య.

“బాపూ, నేను చదివింది అర్థశాస్త్రం,” అంది కౌసల్య. “సర్కారుల దానికి మస్తు జాగాలున్నయి. ధరల కచేరీ, పంటల కచేరీ. ఢిల్లీల ఇంకా పెద్దయి. దేశదేశాలు కలిసి పెట్టుకున్న సంస్థలు గూడ ఉన్నయి. సుగుణమ్మ గారు లేరా? విలాయతుల చదివిండ్రు. బయటిదేశపోళ్ళు పిలిచినా పోక హైదరాబాదుల కొలువు చేస్తున్నరు. తన కింద పనికి రమ్మని నన్ను పిలిచిండ్రు.”

“ఫంకా కింద కుర్సీ ఏస్తదా ఆమె?” అడిగింది బుచ్చయ్య తల్లి అండాలవ్వ.

“ఏస్తరేమో అవ్వా.”

“అయితే ఇగ నువ్వు పొయ్యి కాడ పీట మీద కూసున్నట్టే!”

కౌసల్య తల్లి సావిత్రమ్మ నవ్వలేదు. ఆమె చెవులు పెరట్లో ఉన్న గడ్డికొట్టం మీదున్నాయి.

అందులో ఆమె తమ్ముడు పెద్దులు జ్వరంతో పడి ఉన్నాడు. రజాకార్లతో కొట్లాడిన రోజుల్లో ఊరంతా భుజాన ఎత్తుకున్నవాడు. యూనియన్ సైన్యం వచ్చి నిజాం దిగిపోయినా, కమ్యూనిస్టుల సంఘం తుపాకి దించలేదు, పెద్దులూ దించలేదు. ఇప్పుడు ఊరి బయట దిగిన పోలీసు క్యాంపు అతని కోసమే వెతుకుతోంది.

అందుకే ఆ ఇంట్లో నలుగురి పేర ఐదుగురికి వంట.

వీధిలో కుక్క మొరిగింది.

“కౌసల్యా, మామ కాడికి పో. దగ్గనియ్యకు,” అంది సావిత్రమ్మ. కౌసల్య పెరట్లోకి పరుగెత్తింది.

గడపలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. కాళ్ళ నిండా ఎర్రదుమ్ము, వెలిసిన నేతచీర, చంకలో గుడ్డసంచి.

“కాసిని మంచినీళ్ళిస్తారా అమ్మా?”

ఆంధ్ర దిక్కు మాట. క్యాంపు పోలీసులదీ అదే యాస. అయినా సావిత్రమ్మ చెంబు అందించింది.

ఆమె అరుగు మీద కూర్చుని తాగుతూ తాగుతూ మామూలుగా అడిగింది.

“పొద్దున్న ఏం వండారమ్మా? ఎంతమందికి?”

ఆ ఏడు ఆ ఊళ్ళో అది తిండి గురించి అడిగే మాట కాదు. లాఠీ చేతబట్టి క్యాంపువాళ్ళు అడిగే మాట. ఎక్కువ వండిన ఇంటి మగవాళ్ళు నడిచి క్యాంపుకు పోయేవారు, బండి మీద ఇల్లు చేరేవారు.

“రొట్టెలు. నలుగురికి.”

ఆమె చూపు, కడిగి బోర్లించిన కంచాల మీదికి పోయింది. ఐదున్నాయి. సరిగ్గా అప్పుడే కొట్టంలోంచి దగ్గు వినబడింది.

“నలుగురేనా అమ్మా?”

“నలుగురే అంటున్న గద!” సావిత్రమ్మ గొంతు లేచింది. “ఇంటింటికి తిరిగి కంచాలు లెక్కవెట్టుడు, అదేం బతుకమ్మా? ఏ పోలీసు అమీను బువ్వ వెడుతున్నడు నీకు?”

“జర మెల్లగ,” అన్నాడు బుచ్చయ్య.

ఆమె ముఖం చిన్నబోయింది.

“ఏ ఇంట్లో ఏం విన్నానో ఎవరికీ చెప్పనమ్మా. మా పనికి అదే కట్టుబాటు.”

చెంబు కిందపెట్టి వెళ్ళిపోయింది. నీళ్ళు సగం అట్లాగే ఉన్నాయి.

“పోలీసుల మనిషే. నోట్ల తేనె సూడు,” అంది అండాలవ్వ.

ఆ ఘడియలోనే బుచ్చయ్య బండి కట్టాడు. పెద్దులును జొన్నసొప్ప కింద పడుకోబెట్టి, దిండి వాగు దిక్కు తోలాడు.

సావిత్రమ్మకు కాలు ఒక్కచోట నిలవలేదు. వాకిలి ఊడ్చింది. ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చింది. కొట్టంలో పరిచిన బొంత ఉతికింది. పొయ్యి మీద పప్పు మాడింది.

పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి జీపు చప్పుడు. తలుపు సందులోంచి చూసింది. జీపులో అమీను, వెనక ఆ సంచి ఆమె.

“సూడుండ్రి, మారాణి లెక్క జీపుల ఊరేగుతాంది!” అని పళ్ళు కొరికింది.

జీపు వాళ్ళ ఇంటి ముందు ఆగలేదు. దేవరకొండ బాట పట్టింది.

ఆ రోజూ, మర్నాడూ ఎవరూ తలుపు తట్టలేదు. ఎందుకు తట్టలేదో ఆమెకు అంతుపట్టలేదు.

అంగడి నాడు సుంకరి పోచయ్య కలిశాడు. కచేరీ మనుషులు ఊళ్ళోకి వస్తే వెంట తిరిగేది అతనే.

“ఆ సంచి అమ్మకు ఏమాయెనో ఎరుకనా అక్కా? చావిట్ల నిలవెట్టి అమీను గద్దిచ్చిండు. ఏ ఇంట్ల ఎక్కువ వండుతున్నరో చెప్పుమన్నడు. తిండి సాలుతాందా లేదా సూడనీకె వచ్చిన, మనుషులను పట్టియ్యనీకె రాలేదన్నది. ఆయిన గరమై మీ ఇంటి దిక్కు చెయ్యి సూపిండు. ఆ ఇంట్ల నలుగురే అన్నది.”

సావిత్రమ్మ మిరపకాయల బేరం విడిచి దగ్గరికి వచ్చింది.

“మరి జీపు?”

“పట్టుకపోయిండ్రు. పైనుంచి హుకుం తెప్పిచ్చి కొలువు పీకిండ్రట. ఎంత పెద్ద కొలువనుకున్నవ్! కింద మస్తుమంది ఉన్నరట. అయినా తనే ముందు నడువాలెనని ఊరూరు తిరుగుతుండె.”

“పేరేంది పోచా?”

పోచయ్య చెప్పాడు.

ఆ మాపు అందరూ తినడానికి కూర్చున్నారు. బుచ్చయ్య మళ్ళీ పంతులమ్మ కొలువు మాట ఎత్తాడు.

సావిత్రమ్మ రొట్టె వడ్డిస్తూ, అందరికీ వినబడేటట్టు మెల్లగా చెప్పింది.

“కౌసల్య హైదరాబాదు పోతది. ఆ కచేరీలనే చేరుతది.”

బుచ్చయ్య వద్దనబోతుంటే ఆమె అత్త దిక్కు తిరిగింది.

“ఫంకా కింద కుర్సీ గాదు అత్తా, దుమ్ముల నడిచే కొలువు. నడువనీ.”

కౌసల్య ముఖం వెలిగింది. “సుగుణమ్మ గారి కిందనే గదమ్మా?”

“ఆమె ఆడ లేదిగ బిడ్డా,” అంది సావిత్రమ్మ. “మొన్న మన గడపల సగం నీళ్ళు తాగి పోయినామెనే సుగుణమ్మ.”