స్టీఫెన్ సాక్ష్యం

చిన్నకొడుకు పాస్టరు అభిషేకం ఆదివారమని ఖాయమైన రోజే సారమ్మ ఒక మాట తెగేసి చెప్పింది. ఆ రోజు మందిరంలో తన పెద్దకొడుకు పేరు ఎవరూ ఎత్తకూడదు.

ఆమెకు ఇద్దరు కొడుకులు. ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకోకముందు పుట్టినవాడు మాసయ్య. తీసుకున్నాక పుట్టినవాడు స్టీఫెన్. ఆ తేడా వాళ్ల బతుకుల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని ఆమె నమ్మకం. చిన్నవాడు దేవుని పిలుపు విన్నాడు, బైబిలు చదువుకు పోయాడు, ఇప్పుడు పాస్టరు కాబోతున్నాడు. పెద్దవాడు దేవుని పిలుపు సంగతి అటుంచి, కన్నతల్లి మాటే వినలేదు.

ఏడేళ్ల కిందట ఇద్దరినీ పూణె బస్సెక్కించింది ఆమే. ఆ ఏడు ధరూరు వైపు వాన మొహం చాటేసింది. వేరుశనగ చేతికి రాలేదు, కూలి పుట్టలేదు. ఊళ్లో సగం మంది గుంపు మేస్త్రి వెంట బిల్డింగు పనులకు పోయారు. బస్సు కదిలే ముందు సారమ్మ పెద్దవాడి చెయ్యి పట్టుకుని, తమ్ముడు లోకం తెలియనివాడు, కనిపెట్టుకుని ఉండమంది.

"అమ్మతోడు, వాని మీద ఈగ వాలనియ్య," అన్నాడు మాసయ్య.

వాడికి అదో జబ్బు. పొద్దున లేస్తే ప్రతిదానికీ అదే ఒట్టు. కూర బాగుందనడానికీ అదే, కల్లు తాగలేదనడానికీ అదే. ఇన్ని ఒట్లేసి నన్ను తొందరగా మట్టిలో కలుపుతావురా అని ఆమె తిట్టని రోజు లేదు.

ఆరు నెలలు తిరగకుండానే కబురొచ్చింది. మాసయ్య తమ్ముణ్ణి పరాయి ఊళ్లో వదిలేసి, ఎవరో రాయచూరు ఆమెతో పోయాడట. గుంపు మేస్త్రే స్వయంగా చెప్పాడు. ఊరంతా నోరు నొక్కుకుంది. సారమ్మ బోరింగు దగ్గరికి కూడా తలొంచుకునే పోయేది. కోడలు అర్చన మాత్రం నమ్మలేదు. ఆయన అసుంటోడు కాదని కాళ్లు పట్టుకుని ఏడ్చింది. మొగుణ్ణి కట్టేసుకోవడం చేతకాక ఏడుపొకటా అని సారమ్మ ఆమెను, చంకలోని పిల్లతో సహా, గడప దాటించింది. అర్చన ఇప్పుడు మల్దకల్‌లో పుట్టింటి పంచన పత్తి ఏరుకుని బతుకుతోంది. అభిషేకానికి ఊరందరినీ పిలిచారు. ఆమెను పిలవలేదు.

ఆదివారం రేకుల మందిరం కిక్కిరిసిపోయింది. బయట గుండిగల్లో ప్రేమవిందు ఉడుకుతోంది. సారమ్మ కొత్త తెల్లచీర కట్టుకుని ఆడవాళ్ల వైపు ముందు వరుసలో చాప మీద కూర్చుంది. వచ్చినవాళ్లంతా పాస్టరుగారి అమ్మా అని పలకరిస్తుంటే ఇన్నేళ్ల అవమానం దిగిపోతున్నట్టుంది.

అభిషేకం చెయ్యడానికి వనపర్తి నుంచి వచ్చిన పెద్దయ్యగారికి సారమ్మ పెట్టిన కట్టుబాటు తెలియదు. తప్పిపోయిన పెద్దకొడుకు కోసం కూడా ఒక మాట ప్రార్థిద్దామా అమ్మా అని అడిగారు.

"వద్దయ్యగారూ," అంది సారమ్మ. "వాడు నాకు లేడనుకున్న."

ఆయన మరి బలవంతపెట్టలేదు. స్టీఫెన్‌ను సాక్ష్యం చెప్పమన్నారు.

ఆ సాక్ష్యం అందరికీ కంఠతా వచ్చు. గట్టులో ప్రార్థన కూటం పెట్టినా, గద్వాలలో పెట్టినా స్టీఫెన్ చెప్పేది అదే. జనం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే ఏడుస్తారు.

అన్న తనను విడిచిపోయిన రోజే దేవుడు తనను పిలిచాడని మొదలుపెట్టాడు స్టీఫెన్. ఆ పొద్దున అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది. అలిగిన స్టీఫెన్, అందరూ అన్నాలకు పోయినా, ఇంకా ఆరని స్లాబు మీదే నీళ్లు పెడుతూ ఉండిపోయాడు. పక్క బిల్డింగులో కాంక్రీటు మిల్లరు గడగడ తిరుగుతోంది. ఆ మోతలో, స్లాబు కింది నుంచి ఒక గొంతు దిగిరమ్మని పిలిచింది. ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. పిలుస్తూనే ఉంది. పట్టుదల వదిలి వెనక నిచ్చెన మీద నుంచి దిగాడు. కాలు నేలకానిందో లేదో స్లాబంతా కూలిపోయింది. గొంతు వచ్చిన చోట దుమ్ము తప్ప మనిషి కనపడలేదు. పోలీసులొస్తారని కంట్రాక్టరు ఆ సాయంత్రమే కూలీలందరినీ లారీలో ఇంకో సైటుకు తోలాడు. ఒక్క ప్రాణం కూడా పోలేదని కంట్రాక్టరే అన్నాడు.

"పేరు పెట్టి పిలిచిండు నన్ను," అన్నాడు స్టీఫెన్. మందిరం హల్లెలూయాలతో దద్దరిల్లింది. సారమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

పెద్దయ్యగారి కళ్లు కూడా చెమర్చాయి. ఆ పిలుపు ఎలా వినబడిందో, ఆ మాటలే ఉన్నవి ఉన్నట్టు చెప్పు నాయనా, సంఘం బలపడుతుంది అన్నారు.

ఆ మాటలు స్టీఫెన్ ఏ కూటంలోనూ చెప్పలేదు. మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తల్లి వైపు మాత్రం చూడలేదు.

"'స్టీఫెనూ, దిగురా. అమ్మతోడు, దిగు' అన్నడు."

ఎవరో నవ్వారు. దేవుడు మనతో మన పాలమూరు భాషలోనే మాట్లాడతాడని పెద్దయ్యగారు ముచ్చటపడ్డారు. మళ్లీ హల్లెలూయాలు. ఆయన అభిషేక తైలం సీసా మూత తీశారు. స్టీఫెన్ మోకరించాడు.

ముందు వరుసలో సారమ్మ లేచి నిలబడింది. తైలం పోయబోతున్న చెయ్యి ఆగింది.

"బిడ్డా, ఆ కూలినదాని కింద ఎవరన్న తవ్వి చూసిండ్రా?"