పెట్టెలో గొట్టం

మా ముసలాయన నోట్లో ప్లాస్టిక్ గొట్టం చూడగానే నాకు ఒళ్లు మండింది. ఆయాసానికని ములకలపల్లి మెడికల్ షాపులో తెచ్చుకున్న గుళికలతో పాటు వచ్చిందది.

"గుళికను దీంట్ల పెట్టి పీల్చమన్నడే షాపాయన," అన్నాడు.

"మందు మింగుతరా, పీలుస్తరా? బీడీ మాన్పిస్తే గిట్ల కొత్త యేషమా?"

గొట్టం లాక్కుని పెట్టెలో వేసి తాళం పెట్టాను. అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం ఎదురుగా కూర్చుని గుళికను నీళ్లతో నేనే మింగించాను.

ఆయాసం తగ్గకపోగా పెరిగింది. చాటుగా బీడీ తాగుతున్నాడేమోనని అంగీ జేబులన్నీ వెతికాను. ఏమీ దొరకలేదు. ఇక మందులోనే మోసం ఉందని, డబ్బా పట్టుకుని పోయి మా ఊరి నర్సు రిబ్కా మీద పడ్డాను.

"మందా ఇది, మట్టా? మనిషి పోయినంక వస్తవా సిస్టరమ్మా?"

రిబ్కా డబ్బా తిప్పి చూసింది. "ఎట్ల ఏస్తున్నవు పెద్దమ్మా?"

"ఎట్లేంది? నీళ్లతోటి."

"మింగొద్దని ఈడ రాసుంది గదా! లోపలి పొడిని పీల్చాలె. దీంతోటి గొట్టం ఇయ్యలేదా?"

ఇంటికి ఉరికొచ్చి, తాళం తీసి, గొట్టం ఆయన చేతిలో పెట్టాను. ఆయన అందులో గుళిక పెట్టుకుంటుంటే నా కోపం మళ్లీ ఆయన మీదికే పోయింది.

"నేను గంతగనం అరుస్తుంటే, నువ్వు నాకన్నా గట్టిగ అరవొద్దా?"

ఆయన నోరు తెరిచాడు. అరవడానికి ఊపిరి చాలలేదు.