ఒకటో నంబరులో ఎలుక

ఒడెట్ ముఖం చిట్లించుకుని, బకెట్‌లోకి మూడుసార్లు ఉమ్మింది.

"ఛీ ఛీ! ఎలుక! ఎలుకల బోను నాకినట్టుంది!"

ఫ్రాన్స్‌లో కాఓర్ ద్రాక్షరైతుల సంఘం గదిలో ఆ ఉదయం ముగ్గురే ఉన్నారు. వైన్ రుచిలో ముప్పై ఏళ్ళుగా ఎదురులేని ఒడెట్, ఆవిడ మరిది అర్మాన్, పక్కూరి మిరెయ్. ఎదురుగా సంచులు తొడిగిన ఆరు సీసాలు. ఏది ఎవరిదో తెలియకుండా రుచి చూడాలి. వీళ్ళు సరేనంటేనే సీసా మీద కాఓర్ పేరు పడుతుంది. లేకపోతే అది ఊరూ పేరూ లేని ఎర్రనీళ్ళు.

ఎప్పటిలాగే ముందు తలా ఒక గుక్క వైన్‌తో నాలుక తడుపుకుని, ఉమ్మేసి, వెంటనే ఒకటో నంబరు అందుకున్నారు. రంగు నేరేడుపండులా నిగనిగలాడింది. వాసనకూ వంక పెట్టడానికి లేదు. తీరా ఉమ్మేశాక వచ్చింది ఈ రోత.

"నాకేం తెలీట్లేదే! బ్రహ్మాండంగా ఉందిగా?" అంది మిరెయ్.

"ఈ కంపు ముక్కుకి దొరకదు తల్లీ. నోట్లో పోసుకోగానే కూడా తెలీదు. ఉమ్మేసి కాసేపాగాక నాలుక వెనకనించి లేస్తుంది. కొందరికైతే అసలే తెలీదు. అదృష్టవంతురాలివి."

"నాకూ తగిలింది వదినా," అన్నాడు అర్మాన్ రొట్టెముక్కతో నాలుక రుద్దుకుంటూ.

"పోనీ, నోళ్ళు కడుక్కుని ఇంకోసారి చూద్దాం. ఎవరిదో ఏడాది కష్టం కదా," అంది మిరెయ్.

"మళ్ళీనా? చచ్చినా ముట్టను."

ఒడెట్ కాదన్నాక ఇంక మాట లేదు. 'పనికిరాదు' అని రాసేశారు. బాగా పుక్కిలించి, అరగంట ఆగి మిగతా అయిదూ చూశారు. అవన్నీ గట్టెక్కాయి. చివర్న సంచులు విప్పితే ఒకటో నంబరు సిల్వెన్‌ది. రొట్టెల బట్టీలో పని మానేసి, మేనమామ వదిలేసిన తోటని మూడేళ్ళు బాగుచేసుకుని తీసిన తొలి వైన్.

అతను వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు. సంగతి చెప్పారు.

"ఒడెట్ గారూ, ఇంట్లో రెండుపూటలా మేం తాగేది అదేనండీ. ఎప్పుడూ ఎలుక తగల్లేదు. ఒక్కసారి మా ఇంటికొచ్చి పీపాలోంచి..."

"ఎలుకలతో కాపురం చేసేవాడికి కంపేం తెలుస్తుందయ్యా? పీపాలు కడగవు, గొట్టాలు కడగవు. మా పేరు పెట్టుకుంటావా దానికి? సిగ్గుండాలి! ఇంటికెళ్ళి పీపాల కుళాయిలు విప్పి అంతా కాలవలో పారబొయ్యి."

సిల్వెన్ ముఖం పాలిపోయింది. వ్యానెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి అర్మాన్ వదినగారింటికే వచ్చాడు. సూపు, సొంత కొవ్వులోనే వేగిన బాతుకాలు, వెల్లుల్లి వేసిన బంగాళాదుంపలు. బల్ల మీద సగం సీసా ఉంటే ఇద్దరి గ్లాసులూ నింపాడు. గిన్నె అడుగున మిగిలిన సూపులో ఇంకాస్త వైన్ ఒంపుకుని, గిన్నె ఎత్తి గడగడా తాగేశాడు. వాళ్ళ తాతలనాటి అలవాటు.

ఫోన్ మోగింది. మిరెయ్.

"ఒడెట్, ఆ సిల్వెన్ నువ్వన్నంత పనీ చేశాడు. కుళాయిలన్నీ విప్పేశాడు. కాలవంతా నల్లగా పారుతోంది. పెళ్ళాం గట్టు మీద కూలబడి ఏడుస్తోంది."

"పీడా పోయింది. ఊరు శుభ్రపడింది," అని ఒడెట్ ఫోన్ పెట్టేసి, బాతు ముక్క నమిలి, పెద్ద గుక్క తాగింది.

అర్మాన్ ఖాళీ గిన్నె దించి, నోరు తుడుచుకోబోయి ఆగాడు. అతని ముఖం అదోలా ముడుచుకుపోయింది.

"వదినా, నీకేమైనా..."

ఒడెట్ నాలుక వెనకనించి కూడా ఎలుక లేచింది, పొద్దుటి కంటే ఘాటుగా. లేచి తొట్టి దగ్గరికి పరిగెత్తి ఉమ్మింది, మళ్ళీ ఉమ్మింది.

బల్ల మీదున్నది, పొద్దున ఒకటో నంబరుకి ముందు అందరి నాలుకలూ తడపడానికి ఒడెట్ తన సొంత పీపాలోంచి నింపి తీసుకెళ్ళిన సీసాలో మిగిలిన సగం.