మైనం తీసే పద్ధతి

నారాయణఖేడ్ చౌరస్తాలో, ధర్నాలో కూర్చొని కూడా రమ్య రేపటి పరీక్షకు చదువుకుంటోంది.

“ఏం సదువు బిడ్డా గిది?” పక్కనున్న తల్లి మణెమ్మ అడిగింది.

“ఇంజన్ ఆయిల్‌ల మైనం ఉంటదమ్మా. అది తియ్యాలంటే సాల్వెంటని ఒకటి కలుపుతరు. మంచిగ సల్లవెడతరు. గప్పుడు గట్టివడ్డ మైనాన్ని వడగట్టి పక్కకు తీస్తరు.”

ఊరికి రోడ్డు కావాలని కూర్చున్న జనంలో అధికార పార్టీ నాయకుడొచ్చి కలిసిపోయాడు. అందరికీ చల్లని మజ్జిగ పంచాడు. అయినా మెత్తబడని బస్వరాజ్‌ను, సంగమ్మను “కమిటీల మీరే ఉండాలె” అంటూ పక్కకు తీసి గెస్ట్‌హౌస్‌కు పంపాడు. మిగతావాళ్లు లేచి బట్టలు దులుపుకుంటున్నారు.

“మరి గా కలిపిందేమైతది?” మణెమ్మ అడిగింది.

“మరగవెట్టి మల్ల బయటికి తీస్తరు. అదేం చెడిపోదు. ఇంకో ఆయిల్‌ల కలుపుతరు.”

“జల్దీ పోనియ్, మనూర్‌ల గూడ ధర్నా ఉంది!” కారెక్కుతూ నాయకుడు డ్రైవర్‌ను తొందరపెట్టాడు.

మణెమ్మ తన చేతిలోని గ్లాసు వంక చూసింది.

“మైనం తియ్యకపోతే?”

“సలికి ఆయిల్ గడ్డకట్టి బండి కదలదమ్మా.”

మణెమ్మ మజ్జిగ పారబోసి, పోయి కారు ముందు కూర్చుంది.