నేను పిలిచినా సరే

లండన్ శివారు హేస్‌లో చలికాలం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ప్రైమరీ స్కూల్ సెక్యూరిటీ గార్డు దేవదానం చేతిలో తుపాకీ లేదు, టార్చి మాత్రమే ఉంది. అందుకే మధ్యాహ్నం, దుండగులు చొరబడితే దాక్కోవడం నేర్పే లాక్‌డౌన్ డ్రిల్‌లో పిల్లలకు గట్టిగా నూరిపోశాడు: “ఎవరు పిలిచినా తలుపు తియ్యొద్దు. మీ అమ్మ పిలిచినా, నేను పిలిచినా సరే.”

పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయారు, స్టోర్‌రూమ్‌లో దాక్కున్న ఆరేళ్ల సిరి తప్ప. తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది.

“సిరీ, నేను, అమ్మని! తియ్యి బంగారం!” తల్లి కిరణ్మయి అరచేతులు వాచేలా బాదింది.

“డ్రిల్ అయిపోయిందమ్మా, బయటికి రా,” అన్నాడు దేవదానం.

తలుపు వెనక నుంచి సిరి గుసగుస వినిపించింది.

“అంకుల్, బయట ఎవరో అచ్చం మీలాగే మాట్లాడుతున్నారు. ఐ వోంట్ ఓపెన్.”

దేవదానం పెదవులు కదలలేదు.

“గుడ్ గర్ల్,” అంది లోపలి నుంచి అతని గొంతే.