మెదడు దాకా చేరని కబురు

"నొప్పి తెలుస్తోందా అమ్మా?" అంటూ డాక్టరమ్మ లాలి అరికాల్లో సూదిమొనతో పొడిచింది. మంచం మీద లాలి ఉలకలేదు, పలకలేదు.

"తెలుస్తలేదు మేడం," అన్నాడు తలవైపు నిలబడ్డ రామ్‌సింగ్.

రామ్‌సింగ్ లాలికి మామ, మొగుడి తండ్రి. వాళ్ళది ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న లంబాడా తండా. ఆ పొద్దున పత్తి బస్తాల మీద కూర్చుని ట్రాలీలో వస్తుంటే, కల్వర్టు దగ్గర బండి ఎగిరిపడి లాలి వెల్లకిలా నేలమీద పడింది. మొగుడు రాందాస్ లారీ తోలుకుంటూ ఎక్కడో మహారాష్ట్రలో ఉన్నాడు. అత్త కమ్లి చుట్టాలింటికని కారేపల్లి పోయింది. ఇంక మిగిలింది మామ ఒక్కడే. నడుము కదలకూడదని, పడుకోబెట్టిన నులకమంచంతో సహా ఆ పిల్లను భద్రాచలం దవాఖానాకు తెచ్చాడు. అంత దెబ్బ తగిలినా దారిపొడుగునా లాలి ఒక్క మూలుగు కూడా మూలగలేదు. అదే అతని గుండెల్లో రాయి వేసింది. దెబ్బ తగిలిన మనిషి ఏడవాలి కదా మరి.

మగవాళ్ళు బయట ఉండాలని నర్సు చెప్పింది. చెప్పీ చెప్పీ ఆమె నోరే నొప్పి పుట్టింది గానీ రామ్‌సింగ్ మంచం పట్టె వదల్లేదు.

"కొడుకు ఊళ్ళె లేడమ్మా. నేను గూడ పోతే ఈ పిల్లకు దిక్కెవరు?" అన్నాడు.

ఆ మనిషి తీరే అంత. లాలి పుట్టింట్లో ప్రసవించిన ఏడు, వాగు పొంగి బస్సులు ఆగిపోతే, బాలింతకు పెట్టే కాయం డబ్బా నెత్తిన పెట్టుకుని మెడలోతు నీళ్ళు దాటి పోయాడు. అల్లుడు రాకపోయినా వియ్యంకుడు వచ్చాడని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

డాక్టరమ్మ ఈసారి చిన్న రబ్బరు సుత్తి తీసి లాలి మోకాలి చిప్ప కింద కొట్టింది. కాలు టక్కున ఎగిరింది. రామ్‌సింగ్ ముఖం వెలిగిపోయింది. ఇంకో కాలు కొడితే అదీ ఎగిరింది. కానీ డాక్టరమ్మ ముఖంలో వెలుగు రాలేదు.

"అది మెదడును అడిగి చేసే పని కాదు పెద్దాయనా, వెన్నుపాము తనంతట తానే చేస్తుంది. నేను వెతికేది పైదాకా పోయే కబురు. పాదంలో పొడిస్తే నరం వెన్నుకు చెప్పాలి, వెన్ను మెదడుకు చెప్పాలి. అప్పుడే మనిషి అబ్బా అంటుంది," అంది.

రామ్‌సింగ్ ఆ మాటను తనకు తెలిసిన లెక్కలో పెట్టి చూసుకున్నాడు. వాళ్ళ తండాలో చిన్న తగువులు పెద్దమనిషి నాయక్ గుమ్మం ముందే తెగిపోతాయి. పెద్దవైతేనే పోలీసు ఠాణాకు ఎక్కుతాయి.

"అంటే మేడం, నాయక్ మంచిగనే ఉన్నడు. ఠాణాకు పోయే తొవ్వ తెగింది."

అంత దిగుల్లోనూ డాక్టరమ్మకు నవ్వొచ్చింది. అచ్చం అంతేనంది. కాలు పైకెత్తమంది, లాలి ఎత్తలేదు. పేరు అడిగితే చెప్పలేదు. ముఖం చూద్దామని నర్సు ముసుగేసుకున్న కొంగు తీయబోతే మాత్రం గట్టిగా పట్టుకుంది. చేతుల్లో బలం బాగానే ఉందని డాక్టరమ్మ తనలో తాను అనుకుని, ఇంతకుముందు బాగా మాట్లాడేదేనా అని అడిగింది.

"అవ్ మేడం. పెరట్లకెళ్ళి దాని నవ్వు ఇనబడుతనే ఉంటది."

అయితే దెబ్బ వెన్నుకే కాక తలకూ తగిలిందేమో, ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పంపాలి, నడుస్తుందో లేదో అక్కడే తేలుతుంది అంది డాక్టరమ్మ. రామ్‌సింగ్ కోడలి పాదాల వంక చూశాడు. నాట్లేసేటప్పుడు అందరికంటే ముందుండే పిల్ల. చంకలో బిడ్డతోనే గుట్ట ఎక్కి ఇప్పపూవు ఏరుకొచ్చే పిల్ల.

మధ్యాహ్నం బస్సు దిగి కమ్లి వచ్చింది. కోడల్ని చూసి కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత మొగుణ్ణి చూసింది. నిలబడీ నిలబడీ అతని కాళ్ళు వణుకుతున్నాయి.

"పొద్దటి సంది చాయ అన్న తాగినవా? నువ్వు గూడ పడ్డవంటే ఇద్దర్ని మొయ్యాలె నేను. పో," అని తరిమింది.

అతను గేటు బయట చాయ గ్లాసు అందుకున్నాడో లేదో, లోపలినుంచి ఒక కేక. "ఓ యాడీ" అని. యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ. గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తాడు.

డాక్టరమ్మ నేలమీద కళ్ళజోడు వెతుక్కుంటోంది. హైదరాబాద్ పంపేముందు చివరిసారి చూద్దామని సూదితో పొడిస్తే లాలి కాలు జాడించిన జాడింపుకు అది ఎగిరిపోయిందట. కమ్లి కోడలి పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

"చేరింది పెద్దాయనా, కబురు పైదాకా చేరింది," అంది డాక్టరమ్మ. దెబ్బ అదురుకు నరాలు కాసేపు మొద్దుబారి ఉంటాయని, ఇక భయం లేదని, నాలుగు రోజులు పడుకుంటే లేచి తిరుగుతుందని చెప్పింది.

రామ్‌సింగ్ వరండాలోకి వచ్చి కొడుకుకు ఫోన్ చేశాడు. రెండు మాటల్లో సంగతి చెప్పి పెట్టేశాడు. రాములవారికి దణ్ణం పెట్టాడు, తమ కులగురువు సేవాలాల్‌కు పెట్టాడు, ఎదురొచ్చిన నర్సుకూ పెట్టాడు. గుండెల మీది బరువు దిగిపోతే మనిషి ఇంత తేలికైపోతాడా అనిపించింది. లోపలికి పోబోతూ తలుపు పక్కనే ఆగాడు. కమ్లి మెల్లగా అడుగుతోంది, అన్ని పోట్లు పొడుస్తుంటే ఇంతసేపు నోట్లోంచి మాటెందుకు రాలేదే బిడ్డా అని.

లాలి గొంతు సన్నగా వినిపించింది.

"మామ ముందు కోడలు అరుస్తదా అత్తా?"